ఫాగ్ లైటు స్విచ్చి కోసం క్యాబిన్‌లోకి అంత కరెంటు ఎందుకండీ?

మా ఒడిశా రాయగడలో కొత్త కారు కొన్నోళ్ళు ముందు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కిస్తారు, అట్నుంచి బండి నేరుగా యాక్సెసరీస్ షాపుకే పోతుంది. సీటు కవర్లు, మ్యాట్ల జోలికి నేను రాను, ఎవరిష్టం వాళ్ళది. కానీ ఫాగ్ లైట్లు, డ్యాష్ క్యామ్, పెద్ద హారన్లు, యాంప్లిఫయరు ఇవన్నీ కరెంటుతో పని, కరెంటేమో బ్యాటరీలో ఉంది, బ్యాటరీ బోనెట్ కింద ఉంది, మనం కూర్చునేది ఇవతల, మధ్యలో ఒక పలచటి ఇనుప రేకు, దాన్నే ఫైర్‌వాల్ అంటారు. ఆ రేకు దాటించి వైరు ఎలా తేవాలి అని అందరూ అడుగుతారు. అసలు తేవాలా, తెస్తే దేన్ని తేవాలి అని అడిగినోడిని నేను ఇంతవరకు చూడలేదు. నా గొడవంతా దాని గురించే.

ముందే చెప్పేస్తున్నా, ఫాగ్ లైట్లు షోకు అనే బ్యాచ్ కాదు నేను. అలా అనేవాళ్ళు మైదానాల్లో ఉంటారు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్ళేవాళ్ళకి, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేవాళ్ళకి ఆ మాట చెప్తే నవ్వుతారు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు జనవరిల్లో తెల్లారగట్ల మంచు ఎలా దిగుతుందంటే ఎదురుగా వచ్చే లారీ కనపడేలోపే దాని హారన్ వినపడుతుంది, పైగా సుంకి రోడ్డు అంటే జాతీయ రహదారి 26, విశాఖ పోర్టుకీ ఛత్తీస్‌గఢ్‌కీ మధ్య తిరిగే సరుకు లారీలు రాత్రీ పగలూ అదే దారి. హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచుకి కొట్టుకుని మన కళ్ళలోకే వస్తుంది. అందుకే బంపరు కింద, రోడ్డుకి దగ్గరగా, వెడల్పుగా పరుచుకునే లైటు కావాలి. (పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుందని షాపువాళ్ళు చెప్పేది మాత్రం నేను నమ్మను. మంచు బిందువులు కాంతి తరంగాలకంటే చాలా పెద్దవి, వాటికి పసుపైనా తెలుపైనా ఒకటే. కంటికి కాస్త హాయి అంటే సరే.)

లైట్లు వేయించుకోండి. వైరింగు దగ్గరే పేచీ.

షాపుల్లో నేను చూసినంతలో జరిగేది ఇది. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నట్టు లూజు చేసి దాని కింద వైరు చుట్టి బిగిస్తారు. ఆ వైరుని బోనెట్ హింజ్ పక్కనుంచి డోర్ రబ్బరు కిందకి తోసి లోపలికి లాగుతారు, లేదంటే కంపెనీ వైరింగు దూరే రబ్బరు బుష్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి దాంట్లోంచి తెస్తారు, అదీ కుదరకపోతే డ్రిల్లు. స్టీరింగు కింద ఒక స్విచ్చి బిగించి, స్విచ్చి నుంచి ఇంకో వైరు మళ్ళీ అదే దారిన ముందుకి, బంపరు దాకా. అంటే లైట్లు తాగే కరెంటు మొత్తం బ్యాటరీలోంచి మన మోకాళ్ళ దాకా వచ్చి, మొహం చూపించి, మళ్ళీ వెనక్కి పోతుందన్నమాట. కొళాయి తిప్పుకోడానికి మేడమీద ట్యాంకుని బాత్రూంలోకి దించుకున్నట్టుంటుంది ఈ ఏర్పాటు.

దీనివల్ల లైటు కూడా సరిగ్గా వెలగదు, అది చాలామందికి తట్టదు. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టులకి 9 ఆంపియర్ల పైచిలుకు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకి సుమారు 17 మిల్లీఓములు ఉంటుంది, వెళ్ళి రావడానికి ఐదు మీటర్లు పట్టిందనుకోండి, ముప్పావు వోల్టు వైరులోనే ఆవిరైపోతుంది. ముప్పావు వోల్టేగా అనుకోకండి, హాలోజన్ బల్బుకి వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు దానికి మూడింతలకి పైగా తగ్గుతుంది, ఇంచుమించు ఐదో వంతు వెలుగు పోతుంది. వేలు పోసి లైట్లు కొని ఐదో వంతు వైరుకి దానం చేయడం.

మా చిన్నాన్న కొడుకు గుణుపూర్‌లో ఉంటాడు. "అన్నా, లైట్లు ఓసారి వెలుగుతున్నాయి ఓసారి లేదు, ఒక రకం ప్లాస్టిక్ వాసన వస్తంది" అని ఫోన్ చేశాడు, బండి తెచ్చాక ఇద్దరం బోనెట్ ఎత్తి టార్చి వేసి వెతికాం. బ్రేక్ బూస్టర్ పక్కన, కాస్త కిందగా, ఫైర్‌వాల్‌లో ఒక బెజ్జం. డ్రిల్లు చేసిందే. రబ్బరు బుష్ లేదు, అంచున డ్రిల్లు బిట్టు లేపిన ఇనుప పెచ్చు అలాగే నిలబడుంది, ఎర్ర వైరు సరిగ్గా దాని మీదే ఆనుకుని ఉంది. వైరుని వేలితో మెల్లగా తిప్పితే ఒక పక్కంతా గుండ్రంగా కొత్తదానిలా ఉంది, రెండో పక్క గోరు పట్టేంత పల్లం, పల్లం అడుగున రెండు మూడు రాగి పోగులు మెరుస్తున్నాయి, ఒక పోగు మాత్రం నల్లబడి కొన కరిగి ఆవగింజంత ముద్దయింది. రేకు మీద సరిగ్గా అక్కడే పెయింటు లేచిపోయి మసి. ఒక్క పోగే తగిలింది కాబట్టి అదే కాలిపోయి ఊరుకుంది, ఇంకో నాలుగు పోగులు తగిలుంటే కథ వేరేగా ఉండేది. లైట్లు ఆరి వెలగడానికి కారణం స్విచ్చి వెనక లూజు జాయింటు, అది వేరే, కానీ దాన్ని వెతకబట్టే ఇది దొరికింది.

బిగించిన మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాం. "కిచ్ఛి హెబొని బావూ, ఏటీ అవ్వదు, ఎన్ని బళ్ళకి ఇలగే వేశాం" అన్నాడు. ఫ్యూజు ఏదీ అంటే స్టీరింగు కింద స్విచ్చి పక్కన చూపించాడు. అబద్ధం కాదు, ఫ్యూజు ఉంది. కానీ బ్యాటరీ నుంచి బోనెట్ కిందంతా తిరిగి, ఆ పదును బెజ్జం దాటి, లోపలికొచ్చిన తర్వాత ఉంది.

ఫ్యూజు లైటుని కాపాడ్డానికని చాలామంది నమ్మకం. లైటు పోతే పోయింది, కొత్తది వేసుకుంటాం. ఫ్యూజు ఉన్నది వైరు కోసం, అదీ తన తర్వాత వచ్చే వైరు కోసం మాత్రమే. కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్సే కదా, కాబట్టి ప్లస్ వైరు ఎక్కడ ఒలిచిపోయి రేకుకి తగిలినా నేరుగా షార్టే, చిన్న కారు బ్యాటరీ అయినా అలాంటప్పుడు వందల ఆంపియర్లు కక్కుతుంది, సన్న వైరు క్షణాల్లో ఎర్రగా కాలి పక్కనున్న కంపెనీ వైరింగుని కూడా అంటిస్తుంది. దాన్ని స్విచ్చి దగ్గర ఫ్యూజు ఎలా ఆపుతుంది, ఆ కరెంటు అసలు అంతదూరం రాదుగా. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపు ఫ్యూజు ఉండాలి, అది దాటాకే వైరు ఎక్కడికైనా పోవాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను, తమ్ముడైనా మిస్త్రీ అయినా.

ఫ్యూజు సైజులో కూడా ఓ తిరకాసు ఉంది. నీలం రంగుది 15 ఆంపియర్లు, పసుపుది 20, ఆకుపచ్చది 30. 15 ఆంపియర్ల ఫ్యూజు 16 దగ్గర టప్పున పోదు, 20 ఆంపియర్లు పోతున్నా కొన్ని నిమిషాలు ఓర్చుకోవచ్చు. కాబట్టి వైరు ఫ్యూజుకంటే గట్టిదై ఉండాలి, హాలోజన్ జతకి 15 ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పెట్టుకుంటే నిశ్చింత. నీలం ఫ్యూజు పోయిందని దాని చోట ఆకుపచ్చది గుచ్చేవాళ్ళతో నాకు మాటల్లేవు.

సరే, ఇప్పుడు అసలు మాట. ఫాగ్ లైట్ల విషయంలో ఇంజిన్ వైపు నుంచి కరెంటు తెచ్చే వైరు క్యాబిన్‌లోకి రానేకూడదు. రిలే (లోపలి తీగచుట్టకి, అంటే కాయిల్‌కి, చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) వాడండి అని అందరూ చెప్తారు, నేనూ అదే అంటున్నా, కానీ రిలే వాడినవాళ్ళు కూడా స్విచ్చికి ప్లస్ తెచ్చి, స్విచ్చిలోంచి రిలేకి పంపుతారు. నేనంటాను, స్విచ్చిని ఎర్త్ వైపు, అంటే బాడీకి కలిసే మైనస్ వైపు పెట్టండి. నాలుగు కాళ్ళ రిలే బోనెట్ కిందే ఉంటుంది, నీళ్ళు పడని చోట కాళ్ళు కిందికి ఉండేలా. 30వ నంబరు కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటిన లావు వైరు, 87 నుంచి లైట్లకి, 86కి బోనెట్ కిందే పార్కింగ్ లైటు ప్లస్ నుంచి ఒక చిన్న ఫ్యూజుతో సన్న వైరు. మిగిలిన 85 నుంచి ఒకే ఒక్క సన్న వైరు ఫైర్‌వాల్ దాటి స్విచ్చికి వస్తుంది, స్విచ్చి రెండో కాలు అక్కడే డ్యాష్‌బోర్డు కింద బాడీ బోల్టుకి. అంతే. లోపల స్విచ్చి వేస్తే ఆ వైరు ఎర్త్ అవుతుంది, రిలే పడుతుంది, లైట్లు వెలుగుతాయి. పార్కింగ్ లైట్లు ఆపితే ఇవీ ఆరతాయి, రాత్రంతా మర్చిపోయి పొద్దున్న బ్యాటరీ చచ్చి తోసుకునే బాధ కూడా తప్పుతుంది.

ఇందులో ఉన్న అందం ఏంటంటే, రేపు ఆ సన్న వైరు ఫైర్‌వాల్ దగ్గర ఒరుసుకుని ఒలిచిపోయిందే అనుకోండి. ఏమవుతుంది? రేకుకి తగుల్తుంది, రేకు ఎర్తే, అంటే స్విచ్చి వేసినట్టే, పార్కింగ్ లైట్లు వేసినప్పుడల్లా ఇవీ వాటంతటవే వెలుగుతాయి. రిలే కాయిల్ 80, 90 ఓములు ఉంటుంది, దాంట్లోంచి 0.2 ఆంపియర్లకి మించి కరెంటు పారదు, వైరు వెచ్చబడటం కూడా జరగదు. స్విచ్చి ఆపినా లైట్లు వెలుగుతున్నాయేంటి అని మనమే వెతుక్కుంటాం. చాలా కార్లలో కంపెనీ హారన్ కూడా ఈ పద్ధతే, స్టీరింగు మీద బటన్ నొక్కితే రిలేకి ఎర్త్ అందుతుంది అంతే, ఆ వైరు పాడైతే హారన్ ఆగకుండా మోగి పరువు తీస్తుంది గానీ బండి కాలదు. వాళ్ళు ఎంచక్కా చేసి పెట్టిన పనిని మనం ఎందుకు కాపీ కొట్టమో నాకు అర్థం కాదు.

ఒక చిక్కుంది, లైటు వెలిగే మూడు కాళ్ళ స్విచ్చి ఈ ఎర్త్ పద్ధతిలో మామూలుగా కలిపితే దాని లోపలి లైటు వెలగదు. దానికి ప్లస్ లోపలి ఫ్యూజు బాక్సు నుంచి తీసుకుంటే సరిపోతుంది, లేదా మామూలు రెండు కాళ్ళ స్విచ్చి కొనుక్కోండి, పది రూపాయలు మిగులుతాయి.

ఎల్‌ఈడీ లైట్లవాళ్ళు ఇక్కడ లేస్తారని తెలుసు. జత కలిపి 40 వాట్లు, మూడున్నర ఆంపియర్లు కూడా లేదు, దీనికి రిలే ఏంటి అంటారు. కరెంటు లెక్కలో నిజమే, మంచి స్విచ్చి అంత మోస్తుంది, వోల్టేజీ నష్టం కూడా పట్టించుకోనక్కర్లేదు. కానీ రేకుకి తగిలిన వైరుకి అవతల ఉన్నది ఎల్‌ఈడీనా హాలోజనా అన్నది తెలీదండీ, దాని వెనక ఉన్నది అదే బ్యాటరీ. రిలే మానేస్తే మానేయండి, బ్యాటరీ దగ్గర 5 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం మానకండి. రిమోట్‌తో నడిచే రిలే పెట్టుకుంటే లోపలికి వైరే వద్దు కదా అని ఇంకో వాదన, చెడ్డది కాదు, కానీ సుంకి రోడ్డులో పొట్టంగి దగ్గర మంచులో ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో సీటు కింద రిమోట్ తడుముకోవడం నావల్ల కాదు.

డ్యాష్ క్యామ్‌కి మాత్రం ఇంజిన్ వైపు చూడనే వద్దు. అది తాగేది ఒక ఆంపియర్ లోపు, క్యాబిన్‌లోనే ఫ్యూజు బాక్సు ఉంటుంది, దాంట్లో గుచ్చే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది, తాళం తిప్పితే వచ్చే లైను చూసుకుని అక్కడ పెట్టేస్తే అయిపోయింది. దాని కోసం కూడా బ్యాటరీ నుంచి వైరు లాగిన బండిని పార్వతీపురంలో చూశాను, పాపం ఎంత కష్టపడ్డాడో. అద్దం పక్క పిల్లర్‌లోంచి వైరు దించేటప్పుడు అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దానికి అడ్డం రాకుండా వెనకనుంచి పోనివ్వాలి, పసుపు రంగు కనెక్టర్లు, పసుపు స్లీవు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని కోయడం కాదు కదా టెస్టర్ కూడా ఆనించకూడదు.

ఇంక తప్పనివి ఉంటాయి. చైత్రంలో మజ్జిగౌరి యాత్రలప్పుడు మైకు కట్టుకు తిరిగే బొలెరోలు, యాంప్లిఫయరు వేసుకునే కుర్రాళ్ళు, 300 వాట్ల ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్ళు. 300 వాట్లంటే 12 వోల్టులకి 25 ఆంపియర్ల పైమాటే, దీన్ని సిగరెట్ లైటర్ సాకెట్ మీద లాగలేం, దాని ఫ్యూజు సాధారణంగా 15కే పోతుంది. ఇక్కడ లావు ప్లస్ వైరు ఫైర్‌వాల్ దాటాల్సిందే. కాబట్టి ఆ దాటించే పని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, ప్లస్ కాదు. ప్లస్ విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలితే అదే షార్టు, మైనస్ విప్పేటప్పుడు తగిలినా ఏమీ కాదు. తర్వాత డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు ఉన్న బెజ్జాలు వెతకండి. ఎడమ స్టీరింగు దేశాలకి కూడా అదే బాడీ అమ్మే మోడళ్ళలో మన కో-డ్రైవర్ వైపు రబ్బరు మూతతో మూసేసిన ఖాళీ బెజ్జం ఒకటి రెండు ఉండే అవకాశం ఎక్కువ, కార్పెట్ లేపి చూడాలి. కంపెనీ హార్నెస్ (వైరింగు కట్ట) దూరే పెద్ద రబ్బరు బుష్‌కి కూడా చాలావాటికి పక్కన మూసి ఉన్న చనుమొనలాంటిది ఒకటి ఉంటుంది, వైరు అదనంగా పెట్టుకోవాలంటే దానికోసమే అది. బ్లేడుతో దాని కొన కోస్తే చాలు. హార్నెస్ మధ్యలోంచి స్క్రూడ్రైవర్ దూర్చడం మాత్రం దరిద్రపు పని, లోపల ఏ సెన్సారు వైరుకి గీత పడిందో అప్పుడు తెలీదు, ఆర్నెల్ల తర్వాత వానాకాలంలో చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు ఎవరికీ గుర్తుండదు. క్లచ్ కేబులు, స్టీరింగు రాడ్డు వెళ్ళే దారుల్లోంచి కూడా వద్దు, అవి కదిలే వస్తువులు.

దూర్చడానికి గట్టి జీఐ తీగ కావాలి, కొన వెనక్కి మడిచి మొండి చేసుకోండి, లేకపోతే అదే ఏదో ఒకటి పొడుస్తుంది. తీగకి వైరు పక్కపక్కన పెట్టి మెట్టు లేకుండా సన్నగా టేపు చుట్టి, సబ్బు నీళ్ళు రాసి లాగితే జారుకుంటూ వస్తుంది. గ్రీజు రాయకండి, ఆ రబ్బరు నూనెకి ఉబ్బిపోతుంది. వచ్చాక చుట్టూ సందుంటే సిలికాన్ పెట్టొచ్చు గానీ పుల్లటి వెనిగర్ వాసన కొట్టే రకం వద్దు, ఆ యాసిడ్ రాగిని తినేస్తుంది. ఇంజిన్ వైపు వైరు బెజ్జంలోకి ఎక్కే ముందు కొంచెం కిందికి వేలాడి ఎక్కాలి, అప్పుడు వాన నీళ్ళు వైరు పట్టుకుని లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మా వైపు ఎర్రమట్టి రోడ్లకి ఇది మరీ ముఖ్యం, ఆ మట్టి బోనెట్ కింద అట్టకట్టి తడి ఆరనివ్వదు.

డ్రిల్లు తప్పనిసరి అయితే రెండు వైపులా చూసి చెయ్యండి, అవతల ఏసీ కాయిల్ ఉండొచ్చు, బ్రేకు పైపు ఉండొచ్చు. చేశాక అంచు ఆకురాయితో రుద్ది వేలు పెడితే తెగకుండా చేసి, ప్రైమరు రాసి ఆరాక రబ్బరు బుష్. చాలామంది ప్రైమరు వదిలేస్తారు, రెండు వానాకాలాలు పోతే రబ్బరు కింద తుప్పు మొదలు.

వైరు కూడా చూసి కొనండి. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి తీగ వైరు కారుకి పనికిరాదు, అదురుకి లోపలే విరుగుతుంది. చవక యాంప్లిఫయరు కిట్లలో వైరు చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది, పోగుని బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనపడుతుంది, అది రాగి పూత పూసిన అల్యూమినియం, రాగి మోసినంత మోయదు. జాయింటు మెలేసి టేపు చుట్టడం కూడా అంతే, బోనెట్ కింద మామూలు పీవీసీ టేపు జిగురు మా మే నెల ఎండలకి కారిపోయి ఊడి వేలాడుతుంది. లగ్గు (వైరు కొనకి తొడిగే లోహపు ముక్క) వేసి క్రింప్ చేసి, అంటే గట్టిగా నొక్కి బిగించి, ముడతల ప్లాస్టిక్ పైపు తొడిగి, గుడ్డ టేపు చుట్టడమే.

ఇదంతా మిస్త్రీలకి తెలీక కాదు. లైట్లకి వేలు పెట్టి, ఫిట్టింగు కూలి వందల్లో ఉంటే దానికి కూడా బేరం ఆడతాం, అరగంటలో ఇచ్చేయమని నెత్తి మీద కూర్చుంటాం. కార్పెట్ లేపి బెజ్జం వెతికి రబ్బరు కోసి లాగాలంటే పూట పడుతుంది, ఆ పూట కూలి ఎవరిస్తారు? మా తమ్ముడి బండికి రెండోసారి పని ఇంకో మిస్త్రీ చేత చేయించాం, అడిగినంత ఇచ్చి, ముందే కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి. ఎర్త్ వైపు స్విచ్చి అనగానే ఆయన ఒక్కసారి బొమ్మ చూసి, "హారన్ లాగానా, ముందే చెప్పొచ్చు కదా బాబూ" అన్నాడు, అంతే, ఇంకో ప్రశ్న వేయలేదు.

పని అయ్యాక ఇంజిన్ స్టార్టు చేసి లైట్లు పది నిమిషాలు వెలగనివ్వండి, ఫ్యూజు హోల్డరూ జాయింట్లూ చేత్తో పట్టుకుని చూడండి, గోరువెచ్చన పర్లేదు, చురుక్కుమంటే అక్కడ కాంటాక్టు బాలేదు. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ ప్లస్‌కీ లైటు ప్లస్‌కీ మధ్య పెట్టండి, అర వోల్టు లోపు ఉంటే వైరు సరిపోయినట్టు. వానలు మొదలయ్యాక ఓసారి మ్యాటు ఎత్తి కార్పెట్ తడిమి చూడండి. తడిగా ఉంటే వెంటనే వైరు బెజ్జాన్ని తిట్టుకోకుండా ముందు ఏసీ నీళ్ళు పోయే పైపు చూడండి, అది మట్టితో మూసుకుపోయినా నీళ్ళు అక్కడికే వస్తాయి.